కాలి గడియారం

మాలీష్ మేడమ్

ముప్ఫై రెండేళ్ళు పాతబస్తీలోని ఒక నరాల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. నా పేరు సుగుణ. ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు జీతాల సెక్షన్‌లో ఇద్దరు, మా పెద్ద డాక్టరుగారు, అంతే. మిగతా అందరికీ నేను మాలీష్ మేడమ్‌ని. మొదట్లో పట్టుదల కొద్దీ గది ముందు పెద్ద అక్షరాలతో ఫిజియోథెరపీ అని బోర్డు రాయించాను. ఒక పెద్దాయన సరిగ్గా ఆ బోర్డు కింద నిలబడి, "అమ్మా, మాలీష్ చేసే గది ఎక్కడుంది?" అని నన్నే అడిగాడు. ఆ రోజు నుంచి ఎవరినీ సరిదిద్దలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇప్పుడు నన్ను కలిస్తే వ్యాయామాల గురించి అడగరు. ఒంటికి కట్టుకునే యంత్రాల గురించి అడుగుతారు. నా సర్వీసులో చివరి ఏడెనిమిదేళ్ళు ఆ యంత్రాలతోనే గడిచాయి కాబట్టి, వాటితో నేను పడ్డ పాట్లు, చేసిన ఒక పెద్ద తప్పు ఇక్కడ రాస్తున్నాను.

మా విభాగంలో ఎక్కువగా చూసిన జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. అందరం ఎమ్మెస్ అంటాం. కరెంటు తీగ మీద తొడుగు ఉన్నట్టే మన నరాల మీద ఒక పొర ఉంటుంది. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి దారితప్పి ఆ పొరనే కొరికేస్తే వచ్చే జబ్బు ఇది. ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాలు ఈడుస్తుంది, దాదాపు అందరికీ విపరీతమైన నీరసం. ఎండ తగిలితే అన్నీ పెరుగుతాయి. కొన్నాళ్ళు బాగుండి, ఉన్నట్టుండి తిరగబెడుతుంది. ఎక్కువగా ఇరవై ముప్ఫై ఏళ్ళ ఆడవాళ్ళకు వస్తుంది. చూడ్డానికి మనిషి బాగానే ఉంటుంది గనుక ఇంట్లోవాళ్ళు ముందు బద్ధకం అనుకుంటారు, తర్వాత దిష్టి అనుకుంటారు, ఆఖరుకు మా దగ్గరికి తెస్తారు.

దాతలు ఇచ్చిన సొమ్ముతో మాకు నాలుగు రకాల పరికరాలు వచ్చాయి. ఒకటి మోకాలి కింద కట్టుకునే పట్టా. అడుగు తీసేటప్పుడు నరానికి చిన్న కరెంటు ఇచ్చి, వాలిపోయిన పాదాన్ని పైకి లేపుతుంది. రెండోది చీలమండకు కట్టే నల్లటి బిళ్ళ. రోజుకు ఎన్ని అడుగులు వేశారో లెక్కపెట్టి ఫోన్ ద్వారా మాకు పంపుతుంది. టైము చూపించకపోయినా అందరూ దాన్ని కాలి గడియారం అన్నారు. మూడోది నడుముకు పెట్టుకునే డబ్బీ, మనిషి పడిపోతే నా ఫోన్‌కు కబురు వస్తుంది. నాలుగోది ఎండలో ఒళ్ళు చల్లగా ఉంచే ఐసు జాకెట్టు.

ఐసు జాకెట్టు సంగతి ముందు చెప్పి ముగించేస్తాను. జల్‌పల్లిలో రేకుల ఇంట్లో ఉండే ఒకామెకు మే నెలలో ఇచ్చాం. పదిరోజులైనా ఆమె నీరసం తగ్గలేదంటే వెళ్ళి చూశాను. జాకెట్టు మంచినీళ్ళ కుండకు తొడిగి ఉంది, బొత్తాలు కూడా పెట్టారు. ఇంటిల్లిపాదీ చల్లటి నీళ్ళు తాగుతున్నారు. ఇదేంటమ్మా అంటే ఆమె నావైపు జాలిగా చూసి, "రేకుల కింద అందరు ఉడుకుతుంటె నేనొక్కదాన్నే సల్లగుంటె బాగుంటదా మేడమ్?" అంది. రెండో జాకెట్టు ఇప్పించి వచ్చాను. ఒకటి ఆమెకు, ఒకటి కుండకు.

మా డాక్టరుగారి చెప్పు

మా విభాగం పెద్ద డాక్టర్ వామనరావుగారు. పేరుకు వామనుడే కానీ ఆరడుగుల పైనున్న మనిషి. మంచి డాక్టరు, కోపిష్ఠి, నిజాయితీపరుడు. ఆయనకున్న ఒకే ఒక్క బలహీనత గ్రాఫులు. గీత పైకి వెళ్తుంటే ఆయన ముఖం వెలిగిపోయేది.

కరెంటు పట్టాలు వచ్చిన కొత్తలో, వాటిని కొనిచ్చిన దాతలు చూడ్డానికి వచ్చారు. పేషెంటుకు కట్టి చూపిద్దామని నేనన్నాను. ఆయన వినలేదు. "నేనే కట్టుకుంటాను సుగుణగారూ. డాక్టరు మీదే పనిచేసిందంటే వాళ్ళకు నమ్మకం వస్తుంది."

ఆ పట్టాకు ఒక చిన్న మీట ఉండేది. దాన్ని చెప్పులో మడమ కింద పెట్టాలి. మడమ లేస్తే కరెంటు వస్తుంది, మడమ నేల తాకితే ఆగుతుంది. బూట్లు వేసుకోమని చెప్పాను. ఆయన ఎప్పుడూ తొడిగే వదులు చెప్పుల్లోనే పెట్టమన్నారు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద చాయ్, లుక్మీలనే ఖీమా సమోసాలు ఉన్నాయి. డాక్టరుగారు ప్యాంటు మోకాలి దాకా మడిచి, "ఇప్పుడు చూడండి" అంటూ అడుగు వేశారు.

పాదం టక్కున పైకి లేచింది. చెప్పు ఎగిరి లుక్మీల ప్లేటులో పడింది.

అది అంతటితో ఆగలేదు. మీట చెప్పుతో పాటే వెళ్ళిపోయింది కదా. యంత్రం దృష్టిలో ఆయన మడమ ఇంకా గాలిలోనే ఉంది. కాబట్టి కరెంటు ఇస్తూనే ఉంది. డాక్టరుగారు పాదం నిక్కబొడుచుకుని, ఒంటికాలి మీద బల్ల పట్టుకుని నిలబడి, "ఆపండి సుగుణగారూ, ఆపండి" అని మర్యాదగానే అరిచారు. నాకేమో నవ్వు ఆపుకోవడంలో స్విచ్చు దొరకలేదు. దాతల్లో ఒక పెద్దమనిషి తన ప్లేటు వైపు చూసుకుని, "పనిచేస్తుంది డాక్టర్ సాబ్, బాగా పనిచేస్తుంది" అన్నాడు.

ఆ రోజు నవ్వినా, సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే అసలు సంగతి అర్థమైంది. ఈ యంత్రం చేసినవాళ్ళు ఇంట్లో కూడా బూట్లతో తిరిగేవాళ్ళు. మనవాళ్ళు చెప్పులు గడప బయట వదిలేసి లోపలికి వెళ్తారు. మీట గడప బయట, కాలు గడప లోపల. తర్వాత చెప్పులు కుట్టే ఒకాయన చేత మడమ వెనక బెల్టు ఉన్న మెత్తటి చెప్పులు చేయించి, ఇంట్లో వాడుకోమని ఇచ్చాం. రెండేళ్ళకు మీట అవసరంలేని కొత్తరకం పట్టాలు వచ్చాయి. అప్పటికి మా చెప్పులాయన ఎమ్మెస్ గురించి నాకంటే బాగా ఉపన్యాసం ఇచ్చే స్థితికి చేరుకున్నాడు.

పడిపోయిన కబురు

ఖలీల్ భాయ్ కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. షాలిబండ దగ్గర చిన్న దుకాణం. రెండుసార్లు మెట్ల మీద పడ్డాడని నడుము డబ్బీ ఇచ్చాం. ఇచ్చిన మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ మోగింది: పేషెంటు పడిపోయాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య పర్వీన్ ఎత్తింది.

"పడిపోయిన్రా? యా అల్లా! ఉండుండ్రి మేడమ్." లోపలికి వెళ్ళి చూసి వచ్చింది. తర్వాత మెల్లగా, "పడలే మేడమ్. నమాజ్ చదువుతున్నరు. సజ్దాల ఉన్నరు" అంది.

ఒక్కసారిగా కిందికి వంగి నుదురు నేలకు ఆనిస్తే డబ్బీ దాన్ని పడిపోవడం అనుకుంది. రోజుకు అయిదుసార్లు అనుకుంది. నేను అయిదుసార్లూ ఫోన్ చేశాను, ఎందుకంటే ఏ ఒక్కసారి నిజమో ఎవరికి తెలుసు? వారం తిరక్కుండానే ఖలీల్ భాయ్ స్వయంగా ఆసుపత్రికి వచ్చి, గొంతు తగ్గించి బతిమాలాడు.

"మేడమ్, మెహర్బానీ చేసి గీ డబ్బీ మార్పియ్యండి. నిన్న దుకాణంల పని పడి అసర్ నమాజ్ తప్పింది. ఇంటికి పోంగనే మా ఆమె ఏమన్నదో ఎరుకేనా? 'ఇయ్యాల నాలుగున్నరకు మేడమ్ ఫోన్ రాలే, నమాజ్ చదవలేదా?' అని. నలభై ఏండ్ల మనిషిని, నా మీద గిట్ల సీఐడీ పెట్టిన్రు మీరు."

కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి డబ్బీ లెక్క మార్పించాం. ఖలీల్ భాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. పర్వీన్ మాత్రం చాలా రోజులు నొచ్చుకుంది. "మంచిగుండె మేడమ్ గది" అనేది.

ఇవి నవ్వుకునే తప్పులు. అసలు తప్పు ఇప్పుడు చెబుతాను.

నేను పెట్టిన రూలు

అనితది కిషన్‌బాగ్. తరతరాలుగా పాల వ్యాపారం చేసే ఇల్లు. ఇప్పుడు మిగిలినవి ఐదు గేదెలు. భర్త మల్లేశ్ పాలు పితుకుతాడు, అనిత, అత్తగారు నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి పోస్తారు. అనితకు ముప్ఫై ఒకటో ఏట ఎమ్మెస్ వచ్చింది. కుడి పాదం వాలిపోయి, గచ్చు మీద బొటనవేలు తగిలి పడిపోయేది. పాల క్యాన్లు పట్టుకోవడం మానేసింది. తర్వాత పాపను బడికి దించడం, బయటికి రావడం కూడా మానేసింది.

ఫిబ్రవరిలో ఆమెకు కరెంటు పట్టా కట్టాను. వరండాలో నాలుగడుగులు వేసి ఆగింది. తన కాలివైపు చూసుకుంది. మళ్ళీ నాలుగడుగులు వేసింది. "తగుల్తలేదు మేడమ్" అంది, అంతే.

మా దగ్గర అప్పటికి పట్టాలు ఆరే ఉన్నాయి. ఎదురుచూసేవాళ్ళు చాలామంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరి దగ్గర ఉంచాలో డాక్టరుగారు నాకు వదిలేశారు. నేను ఒక రూలు పెట్టాను. పట్టాతో పాటు కాలి గడియారం కూడా కడతాం. మూడునెలలకోసారి చూస్తాం. అడుగులు పెరిగితే పట్టా వాళ్ళ దగ్గరే ఉంటుంది. పెరగకపోతే తీసుకుని ఇంకొకరికి ఇస్తాం. చాలా న్యాయమైన రూలు అనిపించింది అప్పుడు. మా గది గోడకు అంటించాను కూడా.

అనితకు అదే చెప్పాను. పక్కన నర్సమ్మ కూర్చుని ఉంది. అరవై దాటినా గట్టి మనిషి. చీర పైకి దోపుకుని ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు ఉండేది.

"అంటె అడుగులు తగ్గితే గుంజుకపోతరా?" అంది.

"గుంజుకపోవుడు కాదమ్మా, ఇంకొకరికి అవసరముంటది గదా" అన్నాను.

"ఎన్ని అడుగులు గావాలె?"

"ఇన్నని లెక్కలేదు. పోయినసారి కంటె ఎక్కువుండాలె."

నర్సమ్మ తల పంకించి, నల్లటి గడియారాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పైకి వెళ్ళిన గీత

మొదటి రెండువారాలు అనిత అడుగులు కొంచెం కొంచెం పెరిగాయి. మూడోవారం నుంచి గీత నిచ్చెన ఎక్కినట్టు ఎక్కింది. తెల్లవారుజామునే మొదలయ్యేది, తొమ్మిదింటి దాకా ఆగకుండా సాగేది. సాయంత్రం మళ్ళీ ఒక విడత. డాక్టరుగారు రోజూ పొద్దున రాగానే ముందు అనిత గ్రాఫు తెరిచేవారు.

ఎండాకాలం వచ్చింది. ఎమ్మెస్ ఉన్న అందరి అడుగులూ సగానికి పడిపోయాయి. అనితవి పెరిగాయి.

"చూశారా, ఎండ కూడా ఏం చేయలేకపోయింది" అన్నారు డాక్టరుగారు. బొంబాయిలో జరిగే పెద్ద డాక్టర్ల సభలో చూపించడానికి ఆ గ్రాఫుతో ఒక బొమ్మ తయారుచేయించారు.

నెలకోసారి అనిత ఆసుపత్రికి వచ్చేది. ఆటో దిగి, కుర్చీలో కూలబడేది. ముఖం పీక్కుపోయి ఉండేది. అంతకుముందైతే ప్రతి పేషెంటునూ వరండాలో గీసిన గీత నుంచి గీత దాకా నడిపించి, ఎంతసేపు పట్టిందో చూసేదాన్ని. డాక్టరుగారే అది మాన్పించారు. "ఆసుపత్రిలో నడిచేది నటన సుగుణగారూ. ఇంట్లో నడిచేదే నిజం. ఆ నిజం మన ఫోన్‌లోకే వస్తుంటే ఇంకా గీతలెందుకు?" అన్నారు. వినడానికి ఎంత బాగుందో. నేనూ సంతోషంగా మానేశాను, నడుము వంచే పని తగ్గిందని.

జూన్‌లో వచ్చినప్పుడు అనితతో అన్నాను, "మస్తు నడుస్తున్నవ్ అనితా. గందుకే గింత అలసిపోతున్నవ్. జర తగ్గించు."

అనిత అత్త ముఖం చూసింది. నర్సమ్మ నా వెనక ఉన్న కిటికీలోంచి ఆకాశం చూసింది. "సరే మేడమ్, తగ్గిస్త" అంది అనిత.

నాకు ముఖం చూడ్డం వచ్చు. నా చదువు, అనుభవం అంతా అదే. ఎదురుగా ముఖం ఒకటి చెబుతుంటే, చేతిలో ఫోన్ ఇంకొకటి చెబుతుంటే నేను ఫోన్‌ను నమ్మాను. ఇది రాసేటప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

బోనాల మర్నాడు

ఆషాఢంలో బోనాల ఆదివారం గడిచి సోమవారం పొద్దున డాక్టరుగారు నన్ను కేకేశారు. ముఖంలో కంగారు. అనిత గ్రాఫు ముందురోజు మధ్యాహ్నం ఎప్పుడూ లేనంత ఎత్తుకు వెళ్ళింది. పైగా గంటసేపు కాలు ఒకే తీరుగా విపరీతంగా అదిరింది.

"ఇది నడక కాదు. ఫిట్స్ వచ్చాయేమో. ఫోన్ ఎత్తడం లేదు. మీరు వెంటనే వెళ్ళి చూడండి."

స్కూటీ మీద కిషన్‌బాగ్ వెళ్ళాను. వీధిలో ఇంకా వేపాకు తోరణాలు ఉన్నాయి. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద అనిత పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. లేవలేకపోయింది. రెండు కాళ్ళూ బరువుగా పడి ఉన్నాయి. ఎడమ కన్ను మూసి తెరిచి నన్ను పోల్చుకోవడానికి ప్రయత్నించింది.

"ఎన్ని రోజులైంది గిట్ల?"

"పది రోజులు మేడమ్."

జబ్బు తిరగబెట్టింది. మొదటి రెండు మూడు రోజుల్లోనే తీసుకురావాల్సిన మనిషి. చీర కుచ్చిళ్ళు పైకి జరిపి చూశాను. మోకాలి కింద కరెంటు పట్టా ఉంది. చీలమండ ఖాళీగా ఉంది.

"గడియారమేది?"

అనిత జవాబు చెప్పేలోగా బయట క్యాన్ల చప్పుడైంది. నర్సమ్మ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా దోపుకుని ఉంది. కాలికి తాతల నాటి వెండి కడియం. దానిపైన నల్లగా మెరుస్తూ మా ఆసుపత్రి గడియారం.

ముగ్గురం దానివైపే చూశాం.

"నిన్న బోనమెత్తుకున్నవా నర్సమ్మా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"ఎత్తుకున్న. కొంచెం ఎగిరిన గూడ," అంది నర్సమ్మ. "డప్పు సప్పుడుకు కాలు ఆగదు గదమ్మా. ఏం, గది గూడ తెలుస్తదా మీకు?"

"అన్నీ తెలుస్తయి. నీ కాలని ఒక్కటే తెల్వలే. ఎందుకిట్ల చేసిన్రు? మల్లేశ్‌కు ఎరుకనా?"

"వానిదేముంది, నేను చెప్పినట్టు ఫోన్ కలుపుతడు." నర్సమ్మ క్యాన్లు దించి నా ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. గొంతులో భయం లేదు, తప్పు చేశానన్న భావమూ లేదు. "నువ్వే గదా అన్నవ్, అడుగులు తగ్గితే పట్టా గుంజుకపోతమని. రెండు వారాలు నడిచింది పిల్ల. ఎండలు మొదలైనయి, సాతనైతలేదు. నేనెట్లాగు పొద్దుగాల నుంచి తిరుగుతనే ఉంట. నా అడుగులు ఊకెనే పోతున్నయి గదా, పిల్ల లెక్కల పడితే ఏమాయె అనుకున్న."

"మొన్న కాళ్ళు పడిపోయినప్పుడన్న చెప్పొద్దా?"

అప్పుడు అనిత మాట్లాడింది. "నేనే వద్దన్న మేడమ్. చెప్తే గడియారం సంగతి బయటపడ్తది, పట్టా తీసుకపోతరని. మీకు అడుగులు గావాలె. నాకు అడుగులతోని పని లేదు. కాళ్ళు పడిపోయెదాక పట్టా కట్టుకుని నేను బాత్రూంకు ఒక్కదాన్నే పోతుంటి. తలుపు నేనే ఏసుకుంటుంటి. అంతకుముందు ఏడాది పాటు నేను తలుపేసుకోలే మేడమ్."

ఆ గదిలో నాకు కూర్చోవడానికి స్టూలు వేశారు. నేను నర్సమ్మ పక్కన గచ్చు మీదే కూర్చున్నాను. మల్లేశ్ ఆటో తీసుకొచ్చేదాకా అక్కడే ఉన్నాను.

రోగం పేరు

అనితను వార్డులో చేర్చి స్టెరాయిడ్లు ఎక్కించడం మొదలుపెట్టాక డాక్టరుగారి గదికి వెళ్ళాను. బొంబాయి సభ ఇంకా రెండువారాలు ఉంది. బొమ్మ కంప్యూటర్ మీద తెరిచే ఉంది.

"సార్, ఈ గ్రాఫు అనితది కాదు."

"మరెవరిది?"

"నర్సమ్మది."

"పేషెంటు వయసు?"

"అరవై రెండు."

"రోగం?"

"రోగమేం లేదు సార్. అత్తగారు."

డాక్టరుగారు తెర మీది బొమ్మ మూసేశారు. తర్వాత లేచి అరవడం మొదలుపెట్టారు. ముందు నర్సమ్మ మీద అరిచారు, తర్వాత మల్లేశ్ మీద, కాలి గడియారం చేసిన కంపెనీ మీద. ఆఖరుకు నా మీద అరవబోయి ఆగిపోయారు. నేను ఏడుస్తున్నాను.

"రూలు నేను పెట్టిన సార్. దాని వల్లనే పది రోజులు దాచిపెట్టిన్రు" అన్నాను.

ఆయన కూర్చున్నారు. "వరండాలో నడిపించడం మాన్పించింది నేను," అన్నారు. మా గది వైపు చూపిస్తూ, "ముందు గోడ మీది ఆ కాగితం చింపేయండి" అన్నారు.

బొంబాయి ప్రయాణం మానుకుంటారనుకున్నాను. మానుకోలేదు. అదే గ్రాఫు వేదిక మీద చూపించి, ఇది మా పేషెంటు అత్తగారి ఆరోగ్యం అన్నారట. సభ గొల్లున నవ్విందట. నవ్వు ఆగాక, గీత పైకి వెళ్తున్న ఆ పది రోజుల్లో అసలు పేషెంటు మంచం మీద ఎలా ఉందో చెప్పారట. గ్రాఫులంటే పడిచచ్చే మనిషి, తన గ్రాఫును తానే వందలమంది ముందు పక్కకు నెట్టారు. నేను చూసిన పెద్ద డాక్టర్లలో అలాంటి పని చేసినవాళ్ళు ఎక్కువమంది లేరు.

పద్ధతి మార్చాం. పట్టా ఇచ్చేముందు, దీనితో నీకేం చేయాలనుంది అని అడిగి, వాళ్ళు చెప్పిన మాటనే ఫైలులో రాశాం. తలుపు వేసుకోవాలి అని రాశాం. మసీదు మెట్లు అని రాశాం. పిల్ల బడి గేటు అని రాశాం. మూడునెలలకు ఆ పని అయిందా లేదా అని చూశాం. అడుగులు తగ్గితే పట్టా తీసుకోవడం కాదు, ఇంటికి వెళ్ళి చూడ్డం రూలయింది. వరండాలో గీతలు మళ్ళీ గీయించాం. యంత్రాలు చెడ్డవని నేననను. తర్వాతి రోజుల్లో అవే ఇద్దరు ముగ్గురిలో జబ్బు తిరగబెట్టడాన్ని మాకంటే ముందు పట్టుకున్నాయి. అయితే మీరు ఏ లెక్క చూసి మెచ్చుకుంటారో, భయపడ్డ మనిషి ఆ లెక్కనే మీకు తెచ్చి చూపిస్తుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

అనిత రిపోర్టు, నర్సమ్మ రిపోర్టు

అనిత చూపు తిరిగి వచ్చింది. ఎడమ కాలు దాదాపు బాగైంది. కుడి కాలు పూర్తిగా రాలేదు. మందు మార్చారు, చేతికర్ర వచ్చింది. తన గడియారం తన కాలికే కట్టుకుంది. గ్రాఫు చూస్తే గుంతలు పడ్డ రోడ్డులా ఉండేది. ఒకరోజు రెండువందల అడుగులు, ఇంకోరోజు ముప్ఫై. ఆ ముప్ఫై ఉన్న రోజు నేను ఫోన్ చేసేదాన్ని.

దసరా ముందు అత్తాకోడళ్ళిద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. అనిత పని అయిపోయింది. నర్సమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"సారూ, ఐదునెలలు నా కాలు లెక్కగట్టిన్రు గదా. నాకేమొచ్చిందో చెప్పుండ్రి" అంది.

డాక్టరుగారు నావైపు చూశారు. నేను నవ్వు దాచుకున్నాను. ఆయన నవ్వలేదు. పాత గ్రాఫు తెరిచి, బీపీ చూసి, గుండె విని, కళ్ళజోడు సర్దుకుని చెప్పారు.

"నర్సమ్మగారూ, మీ గుండె భేషుగ్గా ఉంది. నడక మా అందరికంటే బాగుంది. కానీ ఐదునెలల్లో ఒక్కరోజు కూడా మీరు కాలు ఆపలేదు. ఈ వయసులో వారానికి ఒకరోజు విశ్రాంతి తీసుకోకపోతే మోకాళ్ళు అరుగుతాయి."

"గదే ముక్క కాయితం మీద రాసియ్యి సారూ. సంతకం పెట్టు. ముద్ర గూడ ఎయ్యి."

ఆయన రాశారు, సంతకం పెట్టారు, ముద్ర వేశారు. నర్సమ్మ ఆ కాగితం జాగ్రత్తగా మడిచి కొంగున కట్టుకుంది. సాయంత్రం ఇంట్లో మల్లేశ్ ముందు విప్పిందట. "సూడు బిడ్డా, పెద్ద డాక్టర్ రాసిండు. ఆదివారం పాలు ఇంగ నువ్వే పొయ్యాలె." మల్లేశ్ కాగితాన్ని రెండుసార్లు చదివి, ముద్ర వెలుతురుకు పట్టి చూసి, క్యాన్లు తీసుకుని బయల్దేరడం నేర్చుకున్నాడు.

మొదటి ఆదివారమే అనిత నుంచి ఫోన్ వచ్చింది. పాలకు వెళ్ళే పని లేదు గనుక అత్త పొద్దున్నే తనను బయల్దేరదీసిందట. కర్ర ఒక చేత్తో, అత్త భుజం ఇంకో చేత్తో పట్టుకుని పాప బడి గేటు దాకా వెళ్ళి వచ్చిందట. సెలవురోజు కదా, గేటుకు తాళం ఉంది. దాన్ని ముట్టుకుని వచ్చారట.

"మధ్యల రెండుసార్లు అరుగు మీద కూసున్న మేడమ్" అంది. "రేపు సోమవారం పాపను దించడానికి పోత."

ఫోన్ పెట్టేసి ఆమె గ్రాఫు తెరిచాను. పోనూ రానూ కలిపి నాలుగువందల పన్నెండు అడుగులు. అన్నీ అనితవే.